టీవీల సకినాలు చుట్టిన చేతులు

“చేతులు రావాలె!” అని కెమెరా కాడికెల్లి దేవదాస్ కేకేస్తే మొకం లేచి పక్కకు జరుగుతది, చేతులు వచ్చి కూసుంటయి. మొకం పేరు మమతారాణి. చేతుల పేరు పద్మలత.

కరీంనగర్ల ఒక కేబుల్ ఛానల్ వాళ్ల వంటల ప్రోగ్రాం అది. వారానికి సరిపోయేటన్ని వంటలు మంగళారం ఒక్కనాడే తీస్తరు. మమతారాణి పట్టుచీర కట్టుకొని, నవ్వుకుంట, ఇయ్యాల ఏం వండుకుందామో చెప్తది. కెమెరాకు కనవడకుంట వెనకర్రల పద్మలత అసలు వంట వండుతది. కూర తరుగుడు, పోపు వేసుడు, పిండి ఒత్తుడు దగ్గరికెల్లి చూపెట్టాల్సి వచ్చినప్పుడు పద్మ చేతులు కెమెరా ముందటికి వస్తయి. టీవీ చూసేటోళ్లకు అవి మమత చేతులే.

అందుకోసమని మమత తన గాజులు తీసి పద్మకు ఇస్తది. ఎర్ర మట్టిగాజులు, నడుమ ఒక్కొక్క బంగారు గాజు. ఇంకొకరి చెయ్యి వెచ్చదనం పోకముందే అవి పద్మ చేతులకు ఎక్కుతయి. మొగడు సంపత్ పోయిన పదకొండోనాడు గాజులు తీసిన చేతులు అవి. మస్కట్ల పనిమీద ఉండంగ గుండె ఆగి పోయిండు సంపత్. అప్పటిసంది పద్మ చేతులకు గాజు లేదు, మొకాన బొట్టు లేదు. అత్త కిష్టవ్వ ఎన్నడు నోరు తెరిచి వద్దనలేదు. పద్మ ఎన్నడు అడగనూ లేదు. మంగళారం మాత్రం గడియసేపు గల్లుగల్లుమంటయి ఆ చేతులు. దేవదాస్ “అయింది పద్మక్కా” అనంగనే సబ్బునీళ్లు పెట్టి తీసి మళ్ల మమతకు ఇచ్చేస్తది. మెట్‌పల్లి బస్సు ఎక్కి ఇంటికి పోయేటప్పుడు సుత మణికట్టు మీద గుండ్రంగ అచ్చులుంటయి. కొంగు కప్పుకొని కూసుంటది.

నిజం చెప్పాలంటే ఛానల్ల ముందుగాల చేరింది పద్మనే. వంట వచ్చిన ఆడమనిషి కావాలంటున్నరని ఎవలో చెప్తే పోయింది. ఛానల్ పెద్దసారు ఆమెను కెమెరా ముందట నిలవెట్టి మాట్లాడమన్నడు. పద్మ మాట్లాడింది. తడబడలే. ఆయన చానసేపు చూసి, “మాట మంచిగనే ఉన్నదమ్మా. కాని పొద్దుగాల పొద్దుగాల చూసే ప్రోగ్రాం, బొట్టు లేని మొకం అంటే ఆడోళ్లు ఏమన్న అనుకుంటరు. వంట మాత్రం నువ్వే చెయ్యి” అన్నడు. బొట్టుబిళ్ల పెట్టుకొస్త సారూ అని పద్మ నాలుక మీదికి వచ్చింది. అత్త యాదికొచ్చింది. నోరు మూసుకొని వెనకర్రలకు పోయింది.

ఆ తర్వాత నెలకు మమతారాణి వచ్చింది. బట్టల షాపుల చీరలు చూపెట్టే పిల్ల. పప్పుల ఉప్పెంత వెయ్యాల్నో ఎరుకలేదు గని నవ్వితే రెండు చెంపలకు సొట్టలు పడ్తయి. “అక్కా, జర ఇది ఏం పిండి?” అని పద్మనే అడిగి, అటు తిరిగి కెమెరాకు చెప్తది. పద్మ చెప్పింది చెప్పినట్టు చెప్పినా మంచిగుండు. దానికి ఇంత తీపి కలిపి, “మా అమ్మమ్మ చెప్పేది” అని మొదలువెడ్తది. నీ అమ్మమ్మ ఎప్పుడు చెప్పిందే, నేను కదా ఇప్పుడే చెప్పింది అని వెనకర్రల పద్మ పండ్లు కొరుక్కుంటది.

పద్మకు అన్నిటికంటె ఓర్వరానిది ఇంకొకటుంది. పని అయినంక మమత మొగడు బండేసుకొని వచ్చి గేటు కాడ నిలవడ్తడు. బక్కగ, నల్లగ, ఏ అందమూ లేని మనిషి. వచ్చేటప్పుడు పొట్లంల మిరపకాయ బజ్జీలు తెస్తడు. “అక్కా, నువ్వు తిను” అని మమత పొట్లం ఇటు చాపుతది. “నాకు కడుపు మంచిగ లేదు” అంటది పద్మ. కడుపు మంట అని మమతకు ఎట్ల ఎరుకైతది? మమత బండి మీద ఎక్కి మొగని భుజం మీద చెయ్యి ఏస్తది. ఆ చెయ్యికి ఆ గాజులే. పద్మ బస్టాండ్ దాక నడుసుకుంట పోతది.

ఇంటికాడ ఇంకో తీరు బాధ. కిష్టవ్వ పొద్దుగాల చాయ్ గ్లాసు పట్టుకొని టీవీ ముందట కూసుంటది. కోడలు ఛానల్ల గిన్నెలు కడుగుతది, కూరగాయలు కోస్తది అనే ఎరుక ఆమెకు. బియ్యప్పిండి తీగను వేళ్లతోని చుట్టి చేసే సకినాలు చూపెట్టిన నాడైతే ముసలామె గ్లాసు కిందపెట్టి టీవీకి మూరెడు దూరంల కూసున్నది.

“చూడే పద్మా, ఆ పిల్ల చెయ్యి చూడు! తీగ తెగకుంట ఎట్ల తిరుగుతున్నదో. వేళ్లేనా అవి! నువ్వు సుత నేర్చినవ్ నా దగ్గర, ఏం లాభం? గంత నాజూకుగ నీకెన్నడన్న వచ్చెనా?”

“రాలే అత్తమ్మ,” అన్నది పద్మ.

“మొగడున్న ఆడిదాని చెయ్యికి కళనే వేరు తియ్యి.”

పద్మ వంటింట్లకు పోయి కడిగిన గిన్నెలే మళ్ల కడిగింది. తన చేతుల మీద తనకే కుళ్లు పుట్టింది. గాజులేసుకుంటే మెచ్చుకుంటరు, తీస్తే గుర్తువట్టరు. ఇవేం చేతులు!

ఆ తర్వాత మంగళారమే మమత అడిగింది. “అక్కా, సకినం చుట్టుడు నాకు సుత నేర్పవా? బయట అందరు అడుగుతున్నరు, సిగ్గయితున్నది.”

పద్మ “సరే” అన్నది. అని, పిండిల నీళ్లు తక్కువ పోసి గట్టిగ కలిపింది. పిండి గట్టిగుంటే ఎంతటిదానికైనా తీగ తెగుతది. మమత చుట్టింది, తెగింది. మళ్ల చుట్టింది, మళ్ల తెగింది. “కొందరి చేతికి రాదు మమతా, పరేషాన్ కాకు” అన్నది పద్మ, ఎంతో పావురంగ, సొంత చెల్లెతోని అన్నట్టు. ఆనాడు బస్సుల కిటికీ పక్కన కూసొని హాయిగ ఊరు దాక కునికింది.

గట్ల ఉండంగ కిష్టవ్వ మనుమరాలు నవతకు లగ్గం కుదిరింది. నవత అంటే కిష్టవ్వ బిడ్డ కోమల కూతురు. సంపత్‌కు కోమల అక్క, పద్మకు వదినె. ఇల్లు మెట్‌పల్లిలనే, రెండు గల్లీల అవతల. లగ్గం సారె కోసం సకినాలు చెయ్యాలె. సకినాల పని పెట్టుకున్ననాడు పిండితోని గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఐదుగురు పుణ్యస్త్రీలు ముందుగాల తలా ఒక్కటి చుట్టాలె. ఆ తర్వాతనే ఎవలన్నా.

ఇంట్ల ఏ లగ్గమైనా అందరికంటె మంచిగ చుట్టేది పద్మనే. సంపత్ ఉన్నప్పుడు ఆ ఐదుగురిల ముందు పేరు ఆమెదే. ఇప్పుడు ఆ పేరు ఎవలిదన్న మాట వచ్చింది. కోమల, కిష్టవ్వ చాయ్ తాక్కుంట మాట్లాడుకుంటున్నరు. పద్మ పక్కనే కూసొని నువ్వులు చెరుగుతున్నది.

“అవ్వా, టీవీ పిల్ల మమతారాణిని పిలుద్దామె? మన పద్మ పనిచేసే కాడనే కదా ఉండేది. ఆమె వచ్చి మొదటి సకినం చుట్టిందంటే ఊరంత చెప్పుకుంటది,” అన్నది కోమల.

“పిలువు బిడ్డా. అసొంటి చెయ్యి పడితే పొల్ల సంసారం చల్లగుంటది,” అన్నది కిష్టవ్వ. తర్వాత ఇటు తిరిగి, “పద్మా, నువ్వు చెప్తే రాదానె ఆమె?” అని అడిగింది.

చాటల నువ్వులు ఎగిరి సగం కిందపడ్డయి. పద్మ వంగి ఒక్కొక్కటే ఏరుకుంట, “వస్తది, అడుగుత,” అన్నది. ఆ చెయ్యి నాదే అని ఒక్క మాట చెప్తే అయిపోవు. చెప్తే గాజుల మాట సుత చెప్పాలె. కొడుకు పోయిన ఇంట్ల ముసలామెతోని ఆ మాట ఎట్ల చెప్తది? ఇంకొక మాట సుత ఉన్నది, అది ఆమె తనకు తాను సుత ఒప్పుకోలే. రానీ, వచ్చి అందరి ముందట కూసోనీ, అప్పుడు చూస్తరు ఎవలి చెయ్యి ఎవలిదో. మంగళారం పోయి నవ్వుకుంట పిలిచింది. సకినం చుట్టాలన్న మాట చెప్పలే, బొట్టు పెట్టి పోతే చాలనుకున్నది మమత. “మీ ఇంటికి రాకుంటనా అక్కా” అన్నది.

పనినాడు కోమల ఇల్లు ఆడోళ్లతోని నిండింది. నడిమింట్ల తెల్ల పంచెలు పరిచిండ్రు. పీట మీద గౌరమ్మను పెట్టిండ్రు. పద్మ వెనకర్రల పిండి దగ్గర కూసున్నది. ఆమె జాగ ఎప్పుడైనా వెనకర్రనే, ఛానల్లనైనా ఇంట్లనైనా.

మమత మొగనితోని బండి మీద దిగింది. మావిడిపండు రంగు పట్టుచీర, చేతులనిండ అవే ఎర్రగాజులు. “అగో వచ్చె! టీవీల కంటె తెల్లగున్నది!” అని ఆడోళ్లు ఎగవడ్డరు. ఒకామె చెంప ముట్టి చూసింది. నవత ఫోన్ పట్టుకొని ఆమె చుట్టూ తిరిగింది. కిష్టవ్వ తన చేతులతోని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. పద్మ తలుపు సందులకెల్లి అంతా చూసింది. అత్త తనకు చెంబు అందించి ఎన్నేండ్లాయెనో, అసలు ఎన్నడన్న అందించెనో లేదో.

జరసేపటికి మమత వెనకర్రలకు వచ్చింది. మొకం పాలిపోయింది.

“అక్కా, నన్ను చుట్టమంటున్నరు! ముందటి సకినం నాదేనట!”

“మరెందుకు పిలిచిండ్రనుకున్నవ్?”

“బొట్టు పెట్టి పోతే అయిపోతదనుకున్న. ఇప్పుడేం చెయ్యాలె?”

“టీవీల చేసినట్టే చెయ్యి,” అన్నది పద్మ, పిండి మీదికెల్లి తల ఎత్తకుంట.

మమత దగ్గరికి వచ్చి గొంతుక్కూసున్నది. “అక్కా, ఆనాడు నువ్వు పిండి కావాల్నని గట్టిగ కలిపినవ్. నాకు ఎరుకనే. ఇంటికి పోయి మా అత్తకు చెప్తే ఆమెనే చెప్పింది, నీళ్లు తక్కువైతే తెగుతదని.”

పద్మ చెయ్యి పిండిల ఆగింది.

“ఎరుకైతే మరి అడగకపోతివి?”

“ఏమని అడుగుదు? నువ్వు తినే బుక్కల నేను చెయ్యి పెట్టినట్టు చూస్తవ్ నన్ను. బజ్జీ ఇస్తే సుత తినవు. నేను నీకేం జేసిన అక్కా?”

ఏం చేసింది మమత? పద్మ ఆలోచించింది. ఏమీ చెయ్యలే. నవ్వింది. మొగనితోని బండెక్కింది. అంతే. ఆ అంత మాటను నోటితోని చెప్పుడెట్లనో పద్మకు తెలువలే. గిన్నె ముందటికి తోసింది.

“పిండి మంచిగనే కలిపిన. పో, పిలుస్తున్నరు.”

గౌరమ్మకు మొక్కినంక మమత పంచె ముందట కూసున్నది. తీసిన పిండి ముద్ద వేళ్ల నడుమ పెట్టుకొని తిప్పింది. పిండి మంచిగున్నా వేళ్లకు అలవాటు లేదు. జానెడు పోయిందో లేదో తీగ తెగింది. అతికిచ్చి మళ్ల తిప్పితే పాము లెక్క వంకర పోయింది. ఒకామె కిసుక్కుమన్నది.

“టీవీల గిర్రున తిరిగె గదమ్మా!”

“కెమెరా లేకుంటే చెయ్యి తిరుగదేమో!”

“ఛార్జింగ్ అయిపోయింది కావచ్చు పాపం!”

ఇల్లంత ఒక్కటే నవ్వు. తలుపు కాడ నిలవడ్డ పద్మకు కడుపుల చల్లగయింది. ఇన్ని మంగళారాలు మండిన కాడ కుండెడు నీళ్లు గుమ్మరించినట్టు అయింది. ఇంకా నవ్వుండ్రి అనుకున్నది. మమత చెంపల సొట్టలు లేవు ఇప్పుడు. కండ్లల నీళ్లు తిరుగుతున్నయి. చూడు, ఇంకా చూడు అనుకున్నది.

మమత పిండి చేతులు పంచె కొసకు తుడుచుకున్నది. లేస్తదేమో, ఏడ్చుకుంట పోతదేమో అనుకున్నరు అందరు. ఆమె కిష్టవ్వ దిక్కు తిరిగింది.

“అవ్వా, టీవీల చుట్టింది నేను కాదు. ఆ చేతులు నావి కావు. మీ కోడలియి. వంట సుత ఆమెనే వండుతది. నేను వట్టిగ మాట్లాడుత.”

నవ్వులు ఆగినయి. కోమల తమ్ముని పెండ్లాం దిక్కు, మమత దిక్కు మారిమారి చూసింది. “మా పద్మ చేతులా? ఆ చేతులకు గాజులుంటయి కదనే! మా పద్మకు గాజులెక్కడియి?”

“నావే. తీసి ఇస్త, వేసుకుంటది.”

“ఆఁ?” అన్నది మూలకు కూసున్న ఒక పెద్దామె. “మొగడు పోయిన ఆడిది మట్టిగాజులు తొడిగిందా! అదీ పరాయిదానియి!”

మమత తనను పైకి లేపిందో, బాయిల తోసిందో పద్మకు అర్థం కాలే. అందరి మొకాలు తలుపు దిక్కే ఉన్నయి. ఇన్నాళ్లు కావాలె కావాలె అనుకున్నది ఇదేనా? ఆమె అత్త దిక్కు చూసింది.

కిష్టవ్వ అడిగింది, “నిజమానె?”

“నిజమే అత్తమ్మ. మంగళారం మంగళారం వేసుకుంటున్న. పని కాంగనే తీసిస్తున్న.”

“సంపత్ యాదికి రాలేదా, వేసుకునేటప్పుడు?”

“వేసుకునేటప్పుడు కాదు. తీసేటప్పుడు వస్తున్నడు. ప్రతిసారి వస్తున్నడు.”

ముసలామె పీట మీద గౌరమ్మను చూసుకుంట కూసున్నది. కొంగుతోని ఒకసారి ముక్కు తుడుచుకున్నది. మూల పెద్దామె ఇంకేదో అనబోయింది. కిష్టవ్వ చెయ్యి ఎత్తి ఆపింది.

“ఆగు వదినె. పిండి ఆరుతున్నది.” తర్వాత మమత చుట్టిన వంకర తీగ చూపెట్టి, “మొదలువెట్టిన చెయ్యి పుణ్యస్త్రీదే కదా. ఆ శాస్త్రం అయిపోయినట్టే. మిగిలిన నలుగురు తలా ఒక్కటి చుట్టుండ్రి. పద్మా, వచ్చి కూసో. ఈమె తెంపిన కాడికెల్లి నువ్వు అందుకో,” అన్నది.

పద్మ వచ్చి కూసున్నది. వట్టి చేతులతోని పిండి తీసింది. మమత ఆపిన కాడ కొసను వత్తి అతికిచ్చింది, తిప్పింది. తీగ సన్నగ, మెలిక మీద మెలికపడుకుంట వంకర చుట్టూరంగ ఒక చుట్టు తిరిగింది, రెండు తిరిగింది, మూడు తిరిగింది. ఎవలూ మాట్లాడలే. ఇప్పుడంటరు, ఇప్పుడంటరు అని పద్మ చెవులు నిక్కవొడుచుకొని ఉన్నది. టీవీల చేతులు ఇవేనా అని, అబ్బా అని, ఒక్కరన్నా.

“ఎంత మంచి పిల్లనే ఈ మమత!” అన్నది ఒకామె.

“అవ్, అందరి ముందట ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇంకొకతెనైతే పేరంత తనే మింగు!”

“పెద్ద మనసు తల్లీ నీది. ఇటు రా, నా పక్కన కూసో!”

మమత సొట్టలు మళ్ల వచ్చినయి. ఆమె చుట్టూ మళ్ల ఆడోళ్లు చేరిండ్రు. నవత ఫోన్ సుత మళ్ల అటే తిరిగింది. పద్మ తల వంచుకొని ఇంకొకటి చుట్టింది. వంట నాది, చెయ్యి నాది, ఆఖరికి నా నిజం సుత ఆమె నోట్లకెల్లి వచ్చి ఆమెకే పేరు తెచ్చె అనుకున్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే. చల్లవడ్డ కడుపు మళ్ల మెల్లగ రాజుకున్నది.

పొద్దు గుంకినంక, అందరు పోయినంక, అత్తాకోడండ్లు పెరట్ల పొయ్యి కాడ కూసున్నరు. పద్మ సకినాలు నూనెల వేస్తున్నది, కిష్టవ్వ జల్లిగంటెతోని తీసి గంపల వేస్తున్నది.

“ఆ పిల్లకు నోరున్నది. నీకు లేదు. ఇన్నాళ్లు నాకు చెప్తే నేను కొడుదునా?” అన్నది కిష్టవ్వ.

“కొట్టవు. చూస్తవ్. ఆ చూపుకే భయం.”

ముసలామె గంటె నూనెల ఆడిచ్చింది.

“అత్తమ్మ, నాకు మమతను చూస్తే ఓర్వబుద్ధి కాదు,” అన్నది పద్మ. ఆ మాట బయటికి అనుడు అదే మొదటిసారి. “ఆమె మంచిదే. మంచిదైనందుకు ఇంకా ఓర్వబుద్ధి కాదు.”

“అయితే ఏం జేస్తవ్? పని బందువెడ్తవా?”

“బందువెట్ట. మంగళారం పోయి సారును అడుగుత. వండేటిది నేనైతే నా మొకం సుత తియ్యమంట. ఆమె పక్కన నిలవడ్త. ఆమె మాట్లాడని, నేను చేస్త. ఇద్దరం కనవడ్తం.”

“బొట్టు లేకుండనా?”

“బొట్టు లేకుండనే. ఇట్లనే.”

కిష్టవ్వ కోడలి మొకం దిక్కు చూసింది. పొయ్యి వెలుగుల ఆ మొకాన్ని చానసేపు చూసింది. చుట్టాలు ఏమంటరో, టీవీల కొడుకు లేని ఇల్లు కనవడుడు తను ఎట్ల ఓర్చుకోవాల్నో, ఏమేం ఆలోచించిందో ఆమెకే ఎరుక. అవునని అనలేదు. వద్దని సుత అనలేదు.

“సారు ఒప్పుకోకుంటే?” అని మాత్రం అడిగింది.

“చేతులు రావు,” అన్నది పద్మ.

ముసలామెకు నవ్వొచ్చింది. దాచుకుందామని మొకం పొయ్యి దిక్కు తిప్పుకున్నది. “నూనె కాగింది, మాటలాపి వెయ్యి,” అని గంటె అందుకున్నది.